వీఎండీ డ్రైవర్ కలిపినా విండోస్ సెటప్‌లో ఎస్ఎస్‌డీ ఎందుకు కనిపించడం లేదు?

మీరు అడిగింది ఇదీ: జగిత్యాలలో మీ కాలేజీ ల్యాబ్‌కు 12వ తరం ఇంటెల్ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. అన్నిటికీ ఒకే పెన్‌డ్రైవ్‌తో విండోస్ 11 ఎక్కించాలి. ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ డ్రైవర్‌ను (వీఎండీ డ్రైవర్ అంటున్నది ఇదే) డిస్మ్ అనే విండోస్ కమాండ్‌తో పెన్‌డ్రైవ్‌లోని ఇన్‌స్టాల్.విమ్‌లో కలిపారు, ఏ ఎర్రర్ రాలేదు. అయినా సెటప్‌లో డిస్క్ ఎంచుకునే చోట ఏమీ కనిపించట్లేదు.

అన్నా, మీరు కలిపిన ఫైల్‌కు ఆ స్క్రీన్‌తో సంబంధమే లేదు. ఇన్‌స్టాల్.విమ్ అంటే డిస్క్‌లోకి కాపీ కాబోయే విండోస్. మీ ముందున్న సెటప్ మాత్రం అదే పెన్‌డ్రైవ్‌లోని బూట్.విమ్ అనే ఇంకో ఇమేజ్ ఫైల్ నుంచి నడుస్తుంది. డిస్క్‌ను వెతికేది అదే కాబట్టి డ్రైవర్ ముందు అందులో ఉండాలి.

నేను హనుమకొండలో ల్యాప్‌టాప్ సర్వీసింగ్ చేస్తాను. ఇంజినీరింగ్ అడ్మిషన్లు అయిపోగానే ఈ కేసులు వరసగా వస్తాయి. "ఎస్ఎస్‌డీ పోయింది, కొత్తది వేయాలి అన్నారు" అని భయపడుతూ పిల్లలు వస్తారు. ఇంట్లో అప్పు చేసి కొనిచ్చిన ల్యాప్‌టాప్ అది. బయాస్‌లో (ల్యాప్‌టాప్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్‌లో) డిస్క్ పేరు కనిపిస్తుంటే, సెటప్‌లో కనిపించనంత మాత్రాన డిస్క్ పోయిందని ఎవరూ తేల్చేయకూడదు. 11వ తరం నుంచి చాలా ల్యాప్‌టాప్‌లలో వీఎండీ అనే కంట్రోలర్ ఆన్ చేసి ఉంటుంది. ఎన్‌వీఎంఈ డిస్క్, అంటే ఈ ల్యాప్‌టాప్‌లలో ఉండే ఎస్ఎస్‌డీ, దాని వెనకాల ఉంటుంది. విండోస్‌తో వచ్చే మామూలు ఎన్‌వీఎంఈ డ్రైవర్ అక్కడిదాకా చేరలేదు, ఇంటెల్ డ్రైవర్ ఉంటేనే డిస్క్ బయటపడుతుంది.

మళ్లీ ఇమేజ్‌లో కలపడానికి కూర్చునే ముందు ఒక పని చేయండి. డ్రైవర్ సరైనదేనా, సరైన చోట ఉందా అన్నవి వేర్వేరు ప్రశ్నలు. రెండిటినీ కలిపి చూస్తే ఎంతసేపైనా తేలదు. మొదటిది తేల్చడానికి సెటప్ స్క్రీన్ మీద షిఫ్ట్, ఎఫ్10 నొక్కండి (కొన్ని కీబోర్డుల్లో ఎఫ్ఎన్ కూడా కలపాలి), కమాండ్ విండో వస్తుంది. అందులో డిస్క్‌పార్ట్ అని కొట్టి, తర్వాత లిస్ట్ వాల్యూమ్ కొట్టి పెన్‌డ్రైవ్‌కు ఏ డ్రైవ్ అక్షరం (డీ, ఈ లాంటిది) వచ్చిందో చూసుకోండి. బయటికొచ్చి, డ్రైవర్‌ను అప్పటికప్పుడు లోడ్ చేసే డీఆర్‌వీలోడ్ కమాండ్‌కు పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్న ఐఏస్టోర్‌వీడీ.ఐఎన్ఎఫ్ అనే డ్రైవర్ ఫైల్ పూర్తి పాత్ ఇవ్వండి. మళ్లీ డిస్క్‌పార్ట్‌లోకి వెళ్లి లిస్ట్ డిస్క్ కొట్టండి. ఎస్ఎస్‌డీ వచ్చిందంటే డ్రైవర్ సరైనదే, చోటు మార్చితే చాలు. రాలేదంటే ఆ డ్రైవర్‌ను ఎన్ని ఇమేజ్‌లలో కలిపినా లాభం లేదు.

డ్రైవర్ తప్పు కావడానికి నేను ఎక్కువగా చూసే కారణాలు రెండు. ఒకటి, డౌన్‌లోడ్ అయిన సెటప్ ఈఎక్స్ఈని అలాగే ఫోల్డర్‌లో పెట్టడం. డిస్మ్‌కు కావాల్సింది ఐఎన్ఎఫ్ ఫైల్, దాంతో ఉండే మిగతా ఫైళ్లు. ఇంటెల్ సెటప్‌ఆర్‌ఎస్‌టీ ఫైల్‌ను కమాండ్ విండోలో ఎక్స్‌ట్రాక్ట్‌డ్రైవర్స్ ఆప్షన్‌తో నడిపితే అవి విడిగా వస్తాయి. రెండోది వెర్షన్. అన్నిటికన్నా కొత్తది అన్ని తరాలకూ పనిచేయదు, ఏ తరం నుంచి ఏ తరం వరకో డౌన్‌లోడ్ పేజీలో రాసి ఉంటుంది. కంపెనీ విండోస్ ఇంకా ఉన్న ల్యాప్‌టాప్ ఒకటి తీసి డివైస్ మేనేజర్ చూడండి. ఆర్‌ఎస్‌టీ వీఎండీ కంట్రోలర్ పేరు చివర 467ఎఫ్ అని ఉంటే 12వ తరం, 9ఏ0బీ అయితే 11వది, ఏ77ఎఫ్ అయితే 13వది. అదే నంబర్ మీ ఐఎన్ఎఫ్‌లో ఉందో లేదో నోట్‌ప్యాడ్‌లో వెతకండి. ఇంతకన్నా నమ్మకమైన పరీక్ష నాకు తెలియదు.

ఇక బూట్.విమ్. ఇందులో రెండు ఇండెక్స్‌లు, అంటే రెండు వేర్వేరు ఇమేజ్‌లు ఉంటాయి: 1 విండోస్ పీఈ (చిన్న విండోస్), 2 విండోస్ సెటప్. పెన్‌డ్రైవ్‌తో బూట్ చేస్తే నడిచేది 2. ఇండెక్స్ 1 మౌంట్ చేసి (ఒక ఫోల్డర్‌లా తెరిచి), డ్రైవర్ కలిపి, పని అయిపోయిందనుకుని ఆగిపోయేవాళ్లు చాలామంది. నేను రెండిట్లోనూ కలుపుతాను. ఐఎస్ఓ (డౌన్‌లోడ్ చేసిన విండోస్ ఫైల్) నుంచి కాపీ చేసిన ఫైల్ రీడ్ ఓన్లీగా ఉంటే మౌంట్ కాదు, ప్రాపర్టీస్‌లో ఆ టిక్ తీసేయండి. అన్‌మౌంట్ చేసేటప్పుడు కమిట్ ఇవ్వాలి, అప్పుడే మార్పులు సేవ్ అవుతాయి. అన్‌మౌంట్‌లో చివర 1420117 అని ఉండే ఎర్రర్ వస్తే, మౌంట్ ఫోల్డర్‌లోని ఏదో ఫైల్ ఇంకా వాడకంలో ఉందని అర్థం. చాలాసార్లు ఆ ఫోల్డర్ ఎక్స్‌ప్లోరర్‌లో తెరిచి ఉంటుంది, లేదా యాంటీవైరస్ పట్టుకుని ఉంటుంది. టెన్షన్ పడకుండా అన్నీ మూసి మళ్లీ అన్‌మౌంట్ చేయండి. తర్వాత అదే ఇండెక్స్‌ను ఇంకోసారి మౌంట్ చేసి గెట్‌డ్రైవర్స్ ఆప్షన్‌తో చూసుకోండి, మీ ఐఎన్ఎఫ్ ఆ లిస్టులో ఉండాలి.

ఇన్‌స్టాల్.విమ్‌లో మీరు కలిపింది వృథా కాదు, ఉంచండి. కొత్త విండోస్‌లో ఆ డ్రైవర్ లేకపోతే మొదటి రీస్టార్ట్‌లోనే ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని బ్లూ స్క్రీన్ వస్తుంది. డ్రైవర్ కలిపాక ఫైల్ 4 జీబీ దాటితే ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉన్న పెన్‌డ్రైవ్‌లో పట్టదు, డిస్మ్‌లోనే స్ప్లిట్ ఇమేజ్‌తో ముక్కలు చేసుకోవచ్చు.

బయాస్‌లో వీఎండీ ఆఫ్ చేస్తే ఇదంతా అక్కర్లేదు కదా అని మీకు ఎవరైనా చెప్పవచ్చు. నిజమే, ఒకే డిస్క్ ఉన్న ల్యాప్‌టాప్‌కు దానివల్ల నష్టం పెద్దగా లేదు. కొన్ని మోడళ్లలో ఆ ఆప్షన్ దాగి ఉంటుంది, మెయిన్ ట్యాబ్‌లో కంట్రోల్, ఎస్ నొక్కితే బయటపడుతుంది. కానీ ల్యాబ్‌కు నేను ఆ దారి చెప్పను. ప్రతి మెషిన్ బయాస్‌లోకి వెళ్లాలి. పైగా ఎప్పుడైనా బయాస్ రీసెట్ అయితే వీఎండీ మళ్లీ ఆన్ అవుతుంది, విండోస్ బూట్ కాదు. ఆ రోజు పరీక్ష ఉంటే ఇబ్బంది పడేది పిల్లలు. డ్రైవర్ ఇమేజ్‌లోనే ఉంటే ఫ్యాక్టరీ సెట్టింగ్ ముట్టుకోవాల్సిన పని లేదు.

సెటప్ డిస్క్ పేజీ దాకా వెళ్లకుండానే "మీడియా డ్రైవర్ మిస్సింగ్" అని ఆగిపోతే మాత్రం ఈ దారిలో వెతకకండి. అది ఎక్కువగా పెన్‌డ్రైవ్ సరిగ్గా తయారు కాకపోవడం వల్లో, యూఎస్‌బీ పోర్ట్ వల్లో వస్తుంది. పోర్ట్ మార్చండి, ఐఎస్ఓ మళ్లీ దించి చూడండి.

డీఆర్‌వీలోడ్ తర్వాత కూడా ఎస్ఎస్‌డీ రాకపోతే డివైస్ మేనేజర్‌లో కనిపించిన ఆ నంబర్, మీరు వాడిన ఆర్‌ఎస్‌టీ వెర్షన్ ఇక్కడ రాయండి. ఏ ప్యాకేజీ సరిపోతుందో చూసి చెబుతాను.