రెండు రోజుల వీకెండ్‌లో గోవా చూసి రావచ్చా?

శుక్రవారం రాత్రి హైదరాబాద్‌లో బస్సెక్కి, సోమవారం పొద్దున్న ఆఫీసులో ఉండేలా నలుగురు ఫ్రెండ్స్ వెళ్ళొచ్చా అని అడిగారు. వెళ్ళొచ్చు. మేమూ అలాగే వెళ్ళాం. కానీ గోవా ఎలా ఉందని మాత్రం నన్నడక్కండి, నేను చూడలేదు.

బస్సులో దాదాపు 14 గంటలు. బెళగావి దాటాక ఘాట్ రోడ్డులో మావాడొకడు రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. రూములో బ్యాగులు పడేసి, స్నానాలైనా చెయ్యకుండా బాగా బీచ్‌కి పరిగెత్తాం. ('బాగా బీచ్ బాగాలేదు' అనే జోకు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడు వేస్తాడు. మీవాడికి ముందే వార్నింగ్ ఇవ్వండి.)

నాకు రెండు కళ్ళకీ మైనస్ ఐదున్నర. అద్దాలు తీసేస్తే ఒడ్డున మనవాళ్ళెవరో తెలీదు కదా అని పెట్టుకునే దిగాను. మోకాళ్ళ లోతే. సముద్రానికి వీపు పెట్టి ఫోటోకి నవ్వుతున్నాను, వెనకనుంచి ఒక్క కెరటం. లేచేసరికి నోట్లో ఉప్పునీళ్ళు, ముక్కులో ఇసుక, ముఖం మీద అద్దాలు లేవు. అరగంట సేపు నలుగురం కాళ్ళతో ఇసుక తడిమాం. లైఫ్‌గార్డు వచ్చి సంగతి విని నవ్వేసి, విజిల్ ఊదుకుంటూ వెళ్ళిపోయాడు.

మాపుసాలో కళ్ళద్దాల షాపుందంటే టాక్సీలో పోయాం. అక్కడ ఓలా, ఊబర్ లేవు, టాక్సీవాడు చెప్పిందే రేటు. పోనూ రానూ అయిన డబ్బుకి ఇంకో ఫ్రేము వచ్చేది. షాపతను ఈ పవర్ లెన్సులు తెప్పించాలి, సోమవారం రండి అన్నాడు. రేపు కుదరదా అంటే, "రేపు ఆదివారం కదా" అన్నాడు. మనకి అమీర్‌పేటలో ఆదివారమే అసలు వ్యాపారం. గోవాలో ఆదివారమంటే నిజంగానే ఆదివారం. బీచ్ పక్క వదిలేస్తే చాలా షాపులు మూతే. మామూలు రోజుల్లో కూడా మధ్యాహ్నం షట్టర్ దించి భోజనానికీ కునుకుకీ వెళ్ళిపోయేవాళ్ళు చాలామంది. తప్పు వాళ్ళది కాదు, వీకెండ్‌కి వెళ్ళిన మనది.

ఆ రాత్రి క్లబ్బుల సందులో నాకు ఒక్కో లైటూ జొన్నరొట్టెంత కనిపించింది. పక్కన నల్ల టీషర్టు వాణ్ణి మా శ్రీను అనుకుని, భుజం మీద చెయ్యేసి "మామా, ఆకలేస్తోందిరా" అన్నాను. అతను బౌన్సర్. భాష రాకపోయినా కడుపు మీది చెయ్యి చూసి అర్థమైనట్టుంది, నన్ను రోడ్డు దాటించి ఆమ్లెట్ బండి దగ్గర నిలబెట్టాడు. రోస్ ఆమ్లెట్ అంటారు దాన్ని. ఆమ్లెట్ మీద కొబ్బరి మసాలా గ్రేవీ పోసి, పావ్‌తో ఇస్తారు. మూడు ప్లేట్లు తిన్నాను. మావాళ్ళేమో అదే టైములో బిర్యానీ కోసం తిరుగుతున్నారు. గోవా పోయి బిర్యానీ వెతికేవాళ్ళు ఇంట్లో ఉండడం మంచిది!

ఆదివారం ఓల్డ్ గోవాలో బామ్ జీసస్ చర్చికి వెళ్ళాం. సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయం ఉన్న పేటిక అంత ఎత్తున ఉంటుంది, కళ్ళున్న మావాళ్ళకీ లోపల ఏముందో కనపడలేదు. నాకు కొంచెం తృప్తిగా అనిపించింది. పదేళ్ళకోసారే కిందికి దించి చూపిస్తారు. పోయినసారి 2024 నవంబరులో దించారు, అంటే మళ్ళీ చాలా టైముంది.

అందుకని శని ఆదివారాలు వద్దు. సోమవారం చేరి గురువారం తిరిగి రండి. రూము చవగ్గా దొరుకుతుంది, సీజన్‌లో బుధవారం అంజునాలో సంత కూడా ఉంటుంది. స్కూటీ అద్దెకు తీసుకుంటే నల్ల నంబర్ ప్లేటు మీద పసుపు అక్షరాలున్నదే తీసుకోండి. తెల్ల ప్లేటుది సొంత బండి, అద్దెకివ్వకూడదు, పోలీసులు ఆపుతారు.

నేనూ మళ్ళీ వెళ్దామని సోమవారం నుంచి నాలుగు రోజులు లీవు పెట్టాను. అద్దాలకి తాడు కూడా కొన్నాను. మేనేజర్ ఇంకా అప్రూవ్ చెయ్యలేదు.