ఎర్త్ తీగ ఉంది సరే, ఎర్త్ ఉందా? (పాఠకుల ప్రశ్నలు - జవాబులు)

గీజరు వేస్తే బాత్రూంలో నల్లా ముట్టుకున్నప్పుడు జివ్వుమంటుంది. ఎలక్ట్రీషియన్ వచ్చి ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య బల్బు పెట్టి చూసి, "ఫుల్లుగా వెలిగింది, ఎర్త్ బాగానే ఉంది" అని పోయిండు. ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే తనంతట తాను పడే స్విచ్) కూడా కొత్తదే, పడుతలేదు. మరి షాక్ ఎందుకు కొడుతుంది సార్?
- ఒక గృహిణి, హన్మకొండ

ముందు ఆ గీజరు ఎంసీబీ దించేయండమ్మా. రిపేరు అయ్యేదాకా ఎత్తకండి, పొయ్యి మీద నీళ్లు కాచుకోండి.

ఇక బల్బు సంగతి. వెలుగుతున్న 60 వాట్ల బల్బు రెసిస్టెన్స్ 880 ఓమ్‌ల దాకా ఉంటుంది, దానికి కావలసిన కరెంటు పావు ఆంపియరే. మీ ఎర్త్ గుంత (ఎర్త్ తీగ భూమిలోకి దిగే చోటు) రెసిస్టెన్స్ 100 ఓమ్‌లున్నా, అంటే పనికిరానిదైనా, బల్బుకు 200 వోల్టుల పైనే అందుతుంది. ఆ తేడా కంటికి ఆనదు. బల్బు వెలిగితే తీగ తెగలేదని మాత్రమే తెలుస్తుంది.

గీజరు ఎలిమెంట్ పగిలి ఫేజ్ బాడీకి తగిలిందనుకుందాం. ఆ కరెంటు మీ గుంతలోంచి మట్టిలోకి దిగి, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఎర్త్ గుంత దాకా తిరిగి పోవాలి. మధ్యలో 100 ఓమ్‌లుంటే 230ని 100తో భాగించండి: 2.3 ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎంసీబీకి అది మామూలు లోడు, ఎందుకు పడుతుంది? 20 ఓమ్‌లున్నా 11.5 ఆంపియర్లే, అప్పుడూ పడదు. 'సి' రకం 16 ఆంపియర్ల ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. ఎంసీబీ ఉన్నది తీగ కాలిపోకుండా చూడటానికి, మనిషి కోసం కాదు. అది పడకుండా కూర్చున్నంతసేపూ గీజరు బాడీ, దాన్ని అంటుకున్న ఇనుప పైపు, నల్లా అన్నీ కరెంటు మీదే ఉంటాయి.

మన దగ్గర ఈ చిక్కు ఎక్కువ. ఓరుగల్లుకు ఏకశిలానగరమని ఊరికే పేరు రాలేదు కదా, కాస్త తవ్వితే మొరం, ఆ కింద బండ. నల్లరేగడిలో మంచి ఎర్త్ తేలిగ్గా దొరుకుతుంది. మొరంలో, అదీ ఏప్రిల్, మే ఎండలకు తడి ఆరిపోయాక, దొరకడం కష్టం.

అందుకే మెయిన్ స్విచ్ తర్వాత 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడే స్విచ్) పెట్టించండి. సింగిల్ ఫేజ్ ఇంటికి రెండు పోల్స్‌ది, 40 ఆంపియర్లది సాధారణంగా సరిపోతుంది. కొనేటప్పుడు 30 అన్న అంకె చూసి తీసుకోండి, 100, 300 మిల్లీ ఆంపియర్లవి మనిషి రక్షణకు కావు. ఫేజ్‌లో వెళ్లిన కరెంటు న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా లేదా అని చూడటమే దీని పని. లెక్క తప్పితే సెకనులో చిన్న భాగంలో రెండు తీగలనూ తెంపేస్తుంది. ఇందాకటి 2.3 ఆంపియర్లంటే దానికి 2,300 మిల్లీ ఆంపియర్లు. పాడు గుంతతో కూడా పడుతుంది. ఓవర్‌లోడ్‌ను అది పట్టించుకోదు కాబట్టి ఎంసీబీలు అలాగే ఉండాలి.

అట్లని గుంతను వదిలేయకూడదు. ఎర్త్ ఉంటే మీరు ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పడుతుంది, లేకపోతే ముట్టుకున్నాక పడుతుంది. గోడకు కనీసం మీటరున్నర దూరంలో 40 మిల్లీమీటర్ల జీఐ (జింకు పూత ఇనుప) పైపు, రెండున్నర మీటర్లది, రంధ్రాలు పెట్టి దింపాలి. చుట్టూ బొగ్గు, ఉప్పు వరసలుగా వేయాలి. ఎండాకాలం పైపు మూతిలో నీళ్లు పోస్తుండాలి. ఉప్పు వానలకు కరిగిపోతుంది, పైపునూ తింటుంది. అందుకే పదేళ్ల కిందటి గుంతను నమ్మకండి. నాలుగడుగులకే బండ తగిలితే పైపు కోసి పూడ్చేసి పోతుంటారు, దగ్గరుండి చూసుకోండి. అలాంటి చోట రెండు గుంతలు, మధ్యలో పైపు పొడవుకు తగ్గని దూరం ఉంచి తీసి, జీఐ పట్టీతో కలపాలి. తర్వాత ఎర్త్ టెస్టర్‌తో కొలిపించండి. 5 ఓమ్‌ల లోపు వస్తే మంచిది.

ఆర్‌సీసీబీ పెట్టగానే మాటిమాటికీ పడుతుందని దాన్ని తప్పించి డైరెక్ట్ ఇచ్చేవాళ్లున్నారు. ఒప్పుకోకండి. పాత ఇళ్లలో ఎక్కడో న్యూట్రల్, ఎర్త్ కలిసిపోయి ఉంటాయి, అది పడేది అందుకే. ఎంసీబీ దించినా న్యూట్రల్ తెగదు కాబట్టి ప్లగ్గులన్నీ పీకేసి ఒక్కో సర్క్యూట్ న్యూట్రల్ విప్పి వెతకాలి. మూడు నెలలకోసారి ఆర్‌సీసీబీ మీది టి (టెస్ట్) బటన్ నొక్కండి, పడకపోతే మార్చేయండి.

మొన్నటి గాలిదుమారం తర్వాత మా ఇంట్ల బల్బులు మండిపోయేటంత వెలుగు, పక్కింట్ల దీపం లెక్క. టీవీ, ఫ్రిజ్ కాలినయి. తెలిసినాయన వచ్చి ఎర్త్ రాడ్ నుంచి న్యూట్రల్ ఇచ్చిండు, ఇప్పుడు నడుస్తున్నయి. గట్లనే ఉంచొచ్చా?
- ఒక పాఠకుడు, నర్సంపేట

ఒక్క పూట కూడా ఉంచొద్దు. మీ లైన్‌లో న్యూట్రల్ తెగింది. అప్పుడు వేర్వేరు ఫేజుల మీదున్న రెండిళ్లు 400 వోల్టుల మధ్య వరసగా చిక్కుకుంటాయి. ఒకింట్లో 1000 వాట్ల లోడు, ఇంకో ఇంట్లో 100 వాట్లే ఉందనుకోండి. తక్కువ వాడేవాళ్లకు 360 వోల్టుల పైన, ఎక్కువ వాడేవాళ్లకు 40 లోపు వస్తుంది. పొదుపుగా ఉన్న ఇంట్లోనే సామాన్లు కాలడం ఇందుకే. పెద్ద లోడు వేస్తే ఒకచోట బల్బు మసకబారి ఇంకోచోట వెలుగు పెరిగితే అనుమానం అక్కర్లేదు. వెంటనే మెయిన్ దించి, పక్కిళ్లకూ చెప్పి, లైన్‌మన్‌ను పిలవండి, లేదా 1912కు ఫోన్ చేయండి. స్తంభం మీరు ఎక్కొద్దు, ఎవరినీ ఎక్కించొద్దు.

ఇక ఆ ఎర్త్ న్యూట్రల్. మీ రాడ్ 50 ఓమ్‌లుంటే 1000 వాట్ల హీటరు వేసినప్పుడు దాదాపు 110 వోల్టులు ఆ రాడ్ మీదే నిలుస్తాయి. మూడు పిన్నుల ప్లగ్ ఉన్న ప్రతి వస్తువు బాడీ ఆ రాడ్‌కే కలిసి ఉంటుంది కదా. హీటరు బాత్రూంలో, షాక్ ఫ్రిజ్ పిడి దగ్గర. గుంత దగ్గర తడినేల మీద నడిచే మనిషికీ, గేదెకూ ప్రమాదమే. ఆ జోడింపు విప్పించి, లైన్ న్యూట్రల్ బాగయ్యాకే మెయిన్ ఎత్తండి. ముందుముందుకు వోల్టేజి హద్దు దాటితే సరఫరా ఆపేసే ప్రొటెక్టర్ మెయిన్ దగ్గర పెట్టించుకోండి.

మా ఇనుప కూలర్ ప్లగ్ మూడో పిన్ను విరిగింది. రెండు పిన్నులతో నడిపిస్తే ఏమైతది?
- పరకాల

నడుస్తుంది, అదే దాని ప్రమాదం. లోపలి పంపు వైరు ఎప్పుడూ నీళ్లలోనే నానుతుంటుంది, అది చితికిన రోజు కూలర్ మొత్తం ఫేజ్ అవుతుంది. మూడో పిన్ను పొడుగ్గా ఉండేది మొదట ఎర్త్ తగిలి, చివర వదలాలని. ప్లగ్ మార్చండి, సాకెట్‌లో ఎర్త్ తీగ నిజంగా ఉందో విప్పించి చూడండి. నీళ్లు పోసేముందు ప్లగ్ పీకాల్సిందే, స్విచ్ ఆపడం చాలదు. బకెట్లో పెట్టే హీటరు రాడ్‌కూ ఇదే పద్ధతి: ప్లగ్ పీకాకే నీళ్లలో చెయ్యి.

బట్టలారేసే దండెం సర్వీసు వైరు వచ్చే ఇనుప పైపుకు కట్టినం. ఏమన్నా అయితదా?
- జనగామ

ఈ రోజే విప్పండి. సర్వీసు వైరు గాలికి ఊగి పైపు మూతి దగ్గర తొడుగు రాసుకుపోతుంది. పైపుకు వచ్చిన కరెంటు ఇనుప తీగ పొడవునా పాకుతుంది. తడిబట్ట, తడిచేయి, వట్టికాళ్లు, మూడూ అక్కడే. రేకుల ఇంటి చూరుకు కట్టినా అంతే. నైలాన్ తాడు, కర్ర గుంజలు వాడండి. సర్వీసు వైరు మెయిన్ స్విచ్‌కు ముందే ఉంటుంది, కాబట్టి మెయిన్ దించినా ఈ కరెంటు ఆగదు. ఎవరైనా అంటుకుపోతే పొడి కర్రతో తోయాలి, చేత్తో పట్టి లాగొద్దు. ఊపిరి ఆడకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయించండి.

స్విచ్ ఆపినా ఎల్ఈడీ బల్బు మిణుకుమిణుకుమంటుంది.
- మహబూబాబాద్

స్విచ్ న్యూట్రల్ మీద పడి ఉండొచ్చు. అప్పుడు స్విచ్ ఆపినా హోల్డర్‌లో ఫేజ్ ఉంటుంది, బల్బు మార్చేవాళ్లకు షాక్ కొట్టొచ్చు. బోర్డులో తీగలు మార్పించండి. ఫేజ్ మీదే ఉన్నా మిణుకుతుంటే పక్క తీగ నుంచి వచ్చే ఇండక్షన్, లేదా స్విచ్‌లోని ఇండికేటర్ దీపం. దాంతో ప్రమాదం లేదు. అయినా బల్బు మార్చేటప్పుడు మెయిన్ దించండి.