ఏ లెవెల్ రిజల్ట్స్ రోజు ఇండియాలో ఉంటే ఇబ్బందా? పిల్లాడితో ఎలా మెలగాలి?

మీరడిగింది ఇదీ: బాబుకి ఏ లెవెల్స్ (ఇక్కడ ఇంగ్లండ్‌లో మన ఇంటర్ లాంటివి), పాపకి మన టెన్త్ లాంటి జీసీఎస్‌ఈ, రెండూ 2025లోనే. ఆగస్టు మొదట్లో హైదరాబాద్ వెళ్లి 23న తిరిగొచ్చేలా టికెట్లు తీశారు. రిజల్ట్స్ ఎక్కడున్నా ఫోన్లో చూసుకోవచ్చు కదా అంటున్నారు మీవారు. బాబేమో గదిలోంచి బయటికి రావట్లేదు, పలకరిస్తే చాలు విసుక్కుంటున్నాడు. మా ఇంట్లో పెద్దమ్మాయికి ఏ లెవెల్స్, ఆ తర్వాత చిన్నవాడికి జీసీఎస్‌ఈ అయిపోయాయి కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నాను. మేం ఉండేది రెడింగ్‌లో. స్కాట్లాండ్ వాళ్ల పద్ధతి, తేదీలు వేరు, వాళ్లకి ఇందులో చాలా భాగం పనికిరాదు.

ముందు టికెట్ల సంగతి. మార్చుకోగలిగితే మార్చుకోండి. ఆగస్టులో టికెట్ మార్చడమంటే ఎంత చమురు వదులుతుందో నాకూ తెలుసు. అయినా ఆగస్టు 14, గురువారం, బాబు ఇక్కడుండాలి. అనుకున్న గ్రేడ్లు వచ్చాయా, హైదరాబాద్‌లో ఉన్నా హవాయిలో ఉన్నా ఒకటే. రాకపోతేనే వస్తుంది చిక్కు. అప్పుడు యూనివర్సిటీలకి ఫోన్లు చెయ్యాలి, లైన్లో గంటలకొద్దీ ఉండాలి, వాళ్లు తిరిగి ఫోన్ చేస్తే అందుకోవాలి. ఇక్కడ ఉదయం ఎనిమిదంటే అక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర. అమ్మమ్మగారింట్లో భోజనాల వేళ, హాల్లో పదిమంది చెవులు రిక్కించి కూర్చుంటే, పద్దెనిమిదేళ్ల కుర్రాడు ఫోన్లో ఎవరికో "నాకు కెమిస్ట్రీలో సి వచ్చిందండీ" అని చెప్పుకోవాలి. ఆ పరిస్థితి మాత్రం తేకండి. మీవారికి తప్పనిసరైతే ఆయనొక్కరే వెళ్లొస్తారు. పాప రిజల్ట్స్ 21న, అదీ గురువారమే. ఆ రోజే ఏ లెవెల్స్ చదివే సిక్స్త్ ఫారంలో ఎన్‌రోల్ అవ్వాల్సి రావొచ్చు, కాబట్టి తనూ ఇక్కడుంటేనే మేలు.

ఇక రెండోది, మనవాళ్లకి మింగుడుపడనిది. ఇవి మన ఇంటర్ రిజల్ట్స్ కావు, హాల్ టికెట్ నంబరు కొడితే వీధి వీధంతా చూడ్డానికి. ఇక్కడ రిజల్ట్ పిల్లాడిది. స్కూలు వాడికే ఇస్తుంది. కవరు తేవడానికి మీరు వెళ్లాలన్నా వాడు ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. యూనివర్సిటీ అప్లికేషన్లన్నీ చూసే యూకాస్‌ వాళ్లు మీతో మాట్లాడాలంటే వాడు తన అప్లికేషన్‌లో మీ పేరు నామినేటెడ్ యాక్సెస్ కింద పెట్టి ఉండాలి. అది పెట్టమని ఇప్పుడే అడగండి, రెండు నిమిషాల పని. పెట్టినా సరే, మిగిలిపోయిన సీట్లు నింపే క్లియరింగ్‌లో యూనివర్సిటీ వాళ్లు మాట్లాడాలనుకునేది మాత్రం పిల్లాడితోనే. "మీ అబ్బాయికి ఫోన్ ఇస్తారా" అంటారు, మర్యాదగానే. నాకైతే ఈ పద్ధతి నచ్చింది. చదువుకోబోయేది వాడు కదా.

మరి మనం చెయ్యాల్సిందేమిటి? ఆ రోజుకి ముందు అన్నీ చదివిపెట్టుకోవడం, ఆ రోజున మిగతా లోకాన్ని వాడికి దూరంగా ఆపడం. ఈ రెండు పనులూ సరిగ్గా చేస్తే చాలా చేసినట్టే.

చదివిపెట్టుకోవాల్సింది ఏమిటో మా అమ్మాయి సంగతితో చెబుతాను. తనకి ఫార్మసీ. ఫర్మ్ ఆఫర్, అంటే మొదటి ఎంపికగా పెట్టుకున్న చోటు అడిగింది, ఏ ఏ బి. అది తప్పితే ఉంటుందని ఇన్సూరెన్స్‌గా పెట్టుకున్న చోట కూడా ఫార్మసీయే, కానీ వాళ్లు గ్రేడ్లు కాకుండా 120 పాయింట్లు అడిగారు. ఉదయం ఎనిమిది దాటగానే యూకాస్ తెరిచింది. అందులో గ్రేడ్లు కనబడవు, సీటు వచ్చిందా లేదా అన్నదే కనబడుతుంది. ఫర్మ్ చోట ఏ మార్పూ లేదు, నిన్నటిలాగే కండిషనల్ అని ఉంది. మా ఆయన "అంటే పోయినట్టేనా?" అన్నారు. పోయినట్టు కాదు. కొంచెం తక్కువొచ్చిన వాళ్లని తీసుకోవాలా వద్దా అని ఒక్కోసారి వాళ్లింకా ఆలోచిస్తుంటారు. స్కూలు మెయిల్ చూస్తే ఏ, బి, సి. సి వచ్చింది కెమిస్ట్రీలో. మెట్ల మీద కూర్చుని ఏడ్చింది. నేను పక్కన కూర్చున్నానంతే, ఏమీ అనలేదు. కాసేపటికి తనే లేచి మొహం కడుక్కుని, యూకాస్ ఐడీ రాసుకున్న కాగితం తీసుకుని, ఛార్జర్ గుచ్చిన ఫోన్‌తో మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఫర్మ్ యూనివర్సిటీకి ఫోన్ చేస్తే ఒకే పాట తిప్పి తిప్పి వినిపించారు. చివరికి ఎవరో ఆవిడ తీసి, కెమిస్ట్రీ గ్రేడ్ ఎంతో అడిగి, ఫార్మసీకి కెమిస్ట్రీలో సి అయితే తీసుకోలేమని చెప్పింది. కావాలంటే వేరే కోర్సులో చూస్తామంది.

ఈలోగా ఇన్సూరెన్స్ చోట సీటు ఖాయమైంది. ఎలాగంటే ఏ అంటే 48, బి 40, సి 32, మొత్తం 120. అదే ఆ యూనివర్సిటీ "బి బి బి" అని గ్రేడ్లలో అడిగి ఉంటే, అవీ 120 పాయింట్లే అయినా, ఏ బి సి వచ్చిన పిల్లకి కచ్చితంగా ఇవ్వాలని లేదు. మీ బాబు ఆఫర్లు రెండూ ఇవాళే తెరిచి చూడండి, గ్రేడ్లలో ఉన్నాయా పాయింట్లలో ఉన్నాయా అని. ఫలానా సబ్జెక్టులో ఫలానా గ్రేడ్ ఉండి తీరాలన్న మెలిక ఉందేమో కూడా చూడండి.

ఇన్సూరెన్స్ సీటు వద్దనుకుని క్లియరింగ్‌కి వెళ్లాలంటే యూకాస్‌లో డిక్లైన్ మై ప్లేస్ అనే బటన్ ఉంటుంది. అది నొక్కితే చేతిలో సీటు పోయినట్టే, మళ్లీ వెనక్కి రాదు. అందుకని ముందు ఇంకో యూనివర్సిటీతో ఫోన్లో మాట్లాడి, వాళ్లు నోటిమాటగానైనా ఆఫర్ ఇచ్చాక, అదీ వీలైతే మెయిల్లో రప్పించుకున్నాక, అప్పుడు నొక్కాలి. క్లియరింగ్‌లో ఎంచుకున్న చోటుని యూకాస్‌లో ఎక్కించడం ఆ రోజు మధ్యాహ్నం ఒంటిగంట నుంచే కుదురుతుంది, కాబట్టి పొద్దున్నంతా ఫోన్ల మీద గడుస్తుంది. మా అమ్మాయి వేరే ఒకచోట ఫార్మకాలజీకి నోటిమాట ఆఫర్ తెచ్చుకుని, ఆ రాత్రి పడుకుని ఆలోచించి, ఫార్మసీయే కావాలని ఇన్సూరెన్స్ చోటే ఉండిపోయింది. మేం ఏ వైపూ మొగ్గలేదు. మా ఆయనకి మాత్రం పెదవి చివరిదాకా వచ్చిందట.

రీమార్కింగ్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి ఇదీ చెప్పేస్తాను. మనం నేరుగా బోర్డుకి రాయలేం, స్కూలు ద్వారానే వెళ్లాలి, పిల్లల సంతకం కావాలి. యూనివర్సిటీ సీటు దానిమీద ఆధారపడి ఉంటే ప్రయారిటీ రివ్యూ అని అడగొచ్చు, గడువు వారమే. గ్రేడ్ బౌండరీలు ఆ ఉదయమే బోర్డుల సైట్లలో పెడతారు. మా పిల్ల బి కి మూడు మార్కుల దూరంలో ఉంది, అందుకే అడిగాం. అడిగేముందు యూనివర్సిటీకి కూడా చెప్పి ఉంచాలి. ఒక్క మార్కు పెరిగింది, గ్రేడ్ మారలేదు. గ్రేడ్ మారితే ఫీజు తిరిగిస్తారు, మారకపోతే లేదు. తగ్గే అవకాశం కూడా ఉంటుంది, ఉన్న సీటుకి ఎసరు రాకుండా చూసుకుని అడగండి.

ఇన్సూరెన్స్‌కో క్లియరింగ్‌కో వెళ్లే పిల్లలకి హాస్టల్ గది పెద్ద తలనొప్పి. ఆ యూనివర్సిటీని ఫర్మ్‌గా పెట్టుకున్న పిల్లలు ఎప్పుడో బుక్ చేసుకుని ఉంటారు. సీటు ఖాయమైన రోజే అకామడేషన్ ఆఫీసుకి ఫోన్ చెయ్యమనండి.

మీరు వీసా మీద ఉన్నారా, ఐఎల్‌ఆర్ (శాశ్వత నివాస అనుమతి) వచ్చిందా అన్నది రాయలేదు. ఇది మన కుటుంబాల్లో చాలామందిని ముంచే విషయం. ఇంగ్లండ్‌లో హోమ్ ఫీజు (ఇక్కడివాళ్ల లెక్కలో కట్టేది) 2025-26లో 9,535 పౌండ్లు, ఓవర్సీస్ లెక్కలో పడితే దానికి రెండింతలో అంతకు మించో ఉండొచ్చు. సాధారణంగా కోర్సు మొదలయ్యే రోజుకి సెటిల్డ్ అయి ఉండి, అప్పటికి మూడేళ్లు ఇక్కడ నివాసం ఉండాలి. ఫర్మ్ యూనివర్సిటీ హోమ్ అని తేల్చినంత మాత్రాన క్లియరింగ్‌లో కొత్త యూనివర్సిటీ అదే మాటమీద ఉంటుందనుకోవద్దు, వాళ్లు మళ్లీ చూస్తారు. ఫోన్లో రెండో ప్రశ్నగా ఇదే అడగాలి. పాత బీఆర్పీ (నివాస అనుమతి కార్డు), పాస్‌పోర్ట్, ఈవీసా వివరాలు ఒక ఫోల్డర్లో దగ్గర పెట్టుకోండి. ఇది మాత్రం మీ పని, పిల్లాడి నెత్తిన పెట్టకండి.

ఇప్పుడు బంధువులు. మా అత్తయ్యగారు విజయవాడలో పన్నెండున్నరకల్లా ఫోన్ పట్టుకుని కూర్చుంటారని నాకు తెలుసు. అందుకని ముందురోజే ఫ్యామిలీ గ్రూపులో "రేపు రిజల్ట్స్. ఏదైనా మేమే సాయంత్రం చెబుతాం, పిల్లకి ఎవరూ ఫోన్ చెయ్యొద్దు" అని పెట్టేశాను. కొందరు మొహం మాడ్చుకున్నారు, అది వాళ్ల ఇష్టం. ఇక్కడి తెలుగువాళ్ల గ్రూపుల్ని ఆ వారమంతా మ్యూట్‌లో పెట్టండి. అందులో నాలుగు ఏ స్టార్లు వచ్చినవాళ్లే ఫొటోలు పెడతారు, బి వచ్చిన వాళ్లెవరూ పెట్టరు. చూస్తే ఊళ్లో అందరి పిల్లలూ కేంబ్రిడ్జికే వెళుతున్నట్టుంటుంది.

చిన్నవాడి జీసీఎస్‌ఈ అప్పుడు మా మామయ్యగారితో ఇంకో తమాషా. గ్రేడ్లు 9 నుంచి 1 దాకా కదా, వాడికి ఎక్కువగా 7లు వచ్చాయి. ఆయన వెంటనే కాలిక్యులేటర్ తీసి, తొమ్మిదింట ఏడంటే 77 శాతం, "అంటే డిస్టింక్షనే గానీ..." అని నసిగారు. శాతం కాదు మామయ్యగారూ, 7 అంటే పాత లెక్కలో ఏ అని చెబితే, "మరి ముందే చెప్పొచ్చు కదా" అని వీధిలో అందరికీ చెప్పేశారు. మీ పాప విషయంలో పెద్దవాళ్లకి ముందే ఈ లెక్క చెప్పి ఉంచండి. 4 అంటే పాస్. ఇంగ్లిష్, మ్యాథ్స్ రెండింట్లో 4 రాకపోతే పదహారు దాటాక కూడా అవి చదువుతూనే ఉండాలి, నవంబరులో మళ్లీ రాయొచ్చు. అది ప్రళయమేం కాదు. సిక్స్త్ ఫారం వాళ్లు ఏ లెవెల్ మ్యాథ్స్ తీసుకోవాలంటే 6 గానీ 7 గానీ అడుగుతారు, స్కూలుని బట్టి ఉంటుంది. తన స్కూలు ఏమడుగుతోందో చూసి, రెండో స్కూలో కాలేజో ఒకటి మనసులో పెట్టుకోమనండి.

బాబు విసుగు గురించి. ఈ నెలన్నరలో వాడి చేతిలో చేసేదేమీ లేదు. పరీక్షలు అయిపోయాయి, మార్కులు ఎక్కడో పడిపోయాయి, ఇంట్లో మాత్రం అందరూ వాడి మొహంలోకే చూస్తున్నారు. విసుక్కోక ఏం చేస్తాడు? "ఎలా రాశావు, ఏ వస్తుందా" అన్న ప్రశ్న ఇంకెవరూ అడగకుండా చూడండి, మీరూ అడగొద్దు. రాకపోతే ఏంటి అన్న మాట ఎత్తాల్సిందే, కానీ అది పదమూడో తేదీ రాత్రి ఎత్తేది కాదు, ఈ వారమే. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే మా పిల్లలు నోరు విప్పరు. కారులో పక్కసీట్లో కూర్చుని రోడ్డు చూస్తూ అయితే చెబుతారు. టెస్కోకి వెళ్లే దారిలోనే మా అమ్మాయి మొదటిసారి "కెమిస్ట్రీ పేపర్ టూ బాలేదు" అంది. ఇంటికొచ్చాక తనే ఒక కాగితం మీద రెండు మూడు కోర్సులు, వాటి ఫోన్ నంబర్లు రాసుకుంది. ఆ రోజున చేతికందింది ఆ కాగితమే.

ఇక్కడి పిల్లలకి ఇంకో వినోదం ఉంది. టీవీలో కనిపించే జెరెమీ క్లార్క్‌సన్ ప్రతి ఏడాదీ రిజల్ట్స్ రోజున తనకి ఏ లెవెల్స్‌లో ఒక సి, రెండు యూలు (అంటే ఫెయిల్) వచ్చాయని పోస్ట్ పెడతాడు. పిల్లలు ఒకళ్లకొకళ్లు పంపుకుంటారు. మీ బాబు దాన్ని చూపిస్తే నవ్వండి, "నువ్వూ అలా అవుతావా" అని మొదలెట్టొద్దు. 2020 సంగతి తెలిసే ఉంటుంది. కోవిడ్ వల్ల పరీక్షల్లేక, పరీక్షల నియంత్రణ సంస్థ ఆఫ్‌క్వాల్ ఒక లెక్క కట్టి టీచర్లిచ్చిన గ్రేడ్లలో దాదాపు 40 శాతాన్ని కిందికి దించేసింది. ఆగస్టు 13న రిజల్ట్స్, 17కల్లా సర్కారే వెనక్కి తగ్గి టీచర్ల గ్రేడ్లే ఇచ్చింది. పొద్దున ఎనిమిదింటికి తెర మీద కనబడిందే ఆఖరిమాట అనుకోనక్కర్లేదు, ఫోన్లు చేసి అడిగే వాళ్లకి ఆ రోజు చాలా దారులుంటాయి.

ఒకటి మాత్రం జాగ్రత్త. విసుగు వేరు. తిండీ నిద్రా మానేయడం, "నేను లేకపోతే మీకు హాయి" లాంటి మాటలు వేరు. అలాంటిది కనబడితే రిజల్ట్స్ దాకా ఆగొద్దు, జీపీతో (మీ ఫ్యామిలీ డాక్టర్‌తో) మాట్లాడండి. పిల్లలు తామే ఫోన్ చేసుకోడానికి చైల్డ్‌లైన్ 0800 1111 ఉంది, సమారిటన్స్ 116 123 రాత్రీ పగలూ పలుకుతుంది. కోర్సుల గురించి సలహాకి నేషనల్ కెరీర్స్ సర్వీస్ 0800 100 900.

బాబు ఆఫర్లు గ్రేడ్లలో ఉన్నాయో పాయింట్లలో ఉన్నాయో, మీ వీసా ఏమిటో కింద రాస్తే, క్లియరింగ్‌లో ఏమేం అడగాలో చూసి చెబుతాను. టికెట్లు ఏ ఎయిర్‌లైన్‌వో కూడా రాయండి, తేదీ మార్చడానికి కొందరు తక్కువే తీసుకుంటారు.