నీళ్ల విరేచనాలు ఆగకపోతే ఇంట్లో ఏం చెయ్యాలి?

అమ్మగారికి నిన్న రాత్రి నుంచి నీళ్ల విరేచనాలు, తాగింది తాగినట్టే వాంతి అవుతోంది, మోషన్స్ కట్టేసే మాత్ర చెప్పండి అని అడిగారు. మాత్ర సంగతి తర్వాత. ముందు ఆవిడ ఒంట్లోంచి పోయిన నీళ్లూ ఉప్పూ మళ్లీ లోపలికి వెళ్లాలి. ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఒంట్లో నీరు తగ్గిపోవడమే.

మా అత్తగారికి పోయిన వానాకాలం ఇలాగే అయింది. కుళాయి నీళ్లు రంగు మారి వచ్చాయి, వీధిలో చాలా ఇళ్లలో ఇదే బాధ. తెల్లారేసరికి ఆవిడ గోడ పట్టుకుంటే గానీ నడవలేకపోయారు. చూడ్డానికి వచ్చినవాళ్లు "నీళ్లు తాగిస్తే ఇంకా పోతాయి, కడుపు మాడ్చండి" అన్నారు. ఈ మాట మన ఊళ్లలో ఇంకా నడుస్తోంది. దయచేసి వినకండి.

ఆవిడకి గ్లాసుతో ఇస్తే వెంటనే కక్కేసేవారు. అందుకని మంచం పక్కనే కూర్చుని, ఉప్పూ చక్కెరా ఉండే ఓఆర్ఎస్ పొడి కలిపిన నీళ్లు చెంచాతో పట్టాను. ఒక చెంచా మింగాక ఒకటి రెండు నిమిషాలు ఆగి ఇంకోటి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ మొదలు. మొహం తిప్పేసుకునేవారు, బతిమాలేదాన్ని. మధ్యాహ్నానికి ముదురు పసుపు రంగులో కొంచెం మూత్రం వచ్చింది. అప్పుడు గానీ నా టెన్షన్ తగ్గలేదు. విరేచనాలు మాత్రం అప్పటికీ అవుతూనే ఉన్నాయి. ఓఆర్ఎస్ వాటిని ఆపదు, పోయినదాన్ని భర్తీ చేస్తుంది. "ఇస్తున్నా తగ్గట్లేదు" అని మధ్యలో మానేయకండి.

కలపడంలో జాగ్రత్త. లీటరు ప్యాకెట్ అయితే కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో మొత్తం ఒకేసారి పోయాలి. 200 మిల్లీలీటర్ల చిన్న ప్యాకెట్లూ ఉంటాయి, పైన రాసిన కొలత చూడండి. చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగి అదొక ప్రమాదం. 24 గంటలు దాటితే పారబోయండి. ప్యాకెట్ దొరక్కపోతే లీటరు నీళ్లకు ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలవాలి. పంచదార రుచి కోసం కాదు. అది ఉప్పును వెంటబెట్టుకుని పేగు గోడ దాటుతుంది, వాటి వెనకే నీళ్లూ వెళ్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా వచ్చి సెలైన్ అయిపోతే డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇలాంటి నీళ్లే తాగించి వేలమందిని బతికించారు.

మెడికల్ షాపులో ఓఆర్ఎస్ అనగానే తియ్యటి డబ్బా డ్రింకు చేతిలో పెడితే తీసుకోకండి. వాటిలో చక్కెర ఎక్కువుంటే విరేచనాలు ఇంకా పెరుగుతాయి. ఆ డ్రింకుల మీద ఓఆర్ఎస్ అని రాయకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఆదేశం ఇచ్చింది. దానికోసం ఏళ్ల తరబడి పోరాడింది మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారే. పొడి ప్యాకెట్ మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని ఉందో లేదో చూసి కొనండి.

వాంతులు తగ్గాక ఉప్పు వేసిన గంజి, పెరుగన్నం, అరటిపండు పెట్టండి. కూల్ డ్రింకులు వద్దు.

ఇక మాత్ర. జ్వరం గానీ, విరేచనంలో రక్తం గానీ ఉంటే మోషన్స్ కట్టేసే లోపెరమైడ్ లాంటి మాత్రలు వెయ్యకూడదు. చిన్నపిల్లలకైతే అసలు వద్దు. యాంటీబయాటిక్ కూడా డాక్టరు చెప్తేనే. అమ్మగారు బీపీకో షుగరుకో మందులు వాడుతుంటే ఇవాళే డాక్టరుకి ఫోన్ చేసి అడగండి. ఒంట్లో నీరు తగ్గినప్పుడు వాటిలో కొన్ని కిడ్నీల మీద పడతాయి.

పిల్లలకి చర్మం పట్టి వదిలి చూస్తారు గానీ, పెద్దవాళ్లకి చర్మం ఎలాగూ వదులే కాబట్టి అది నమ్మలేం. మూత్రం చూడండి. ఆరేడు గంటలుగా రాకపోయినా, మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, చెంచా నీళ్లు కూడా నిలవకపోయినా, రక్తం పడినా ఇంట్లో ఉంచకండి, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి సెలైన్ ఎక్కించండి. బండి కుదరకపోతే 108కి ఫోన్ చెయ్యండి. దారిలో కూడా, ఆవిడ తెలివిగా ఉండి మింగగలిగితే, చెంచాతో పడుతూనే ఉండండి.