ఆంప్ అక్కడే ఉంచి రా

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. నీ మెయిల్ మీ వదినకి కూడా చదివి వినిపించాను. అరవై ఆరేళ్ళ వయసులో ఇంగ్లండ్‌లోని రాకబిల్లీ వీకెండర్ (1950ల అమెరికా రాక్ అండ్ రోల్ పాటల వారాంతపు పండగ) నుంచి పిలుపు వచ్చిందని నువ్వు రాసిన తీరు చూస్తే, లాలాగూడ రైల్వే క్వార్టర్స్‌లో రేడియో సిలోన్ కోసం సెట్టుకి చెవి ఆనించి కూర్చునే నిక్కరు పిల్లాడే కనిపించాడు. వీకెండర్‌లో ఒక గంట ప్రోగ్రాం, తరవాత వారం స్టూడియోలో నాలుగు పాటల రికార్డింగు. చాలా బాగుంది. నువ్వు అడిగిన ప్రశ్నలు పదకొండు. అందులో తొమ్మిది సామాను గురించే. అసలు అడగాల్సింది మాత్రం అడగలేదు. కాబట్టి ముందు అదే చెప్తాను.

నీ హోటల్ ప్రోగ్రాం వీడియో చూసి పిలిచారన్నావు. నిజమే, కానీ వాళ్ళకి నచ్చింది నువ్వు అనుకుంటున్న నువ్వు కాదు. వాళ్ళకి కావలసింది 1956 నాటి ధ్వని. నీ వేళ్ళలో అది ఉందని కనిపెట్టారు, అంతే.

నేను ఇది 1977లో నేర్చుకున్నాను. ఇంగ్లండ్ వచ్చి మూడేళ్ళయింది, ఫ్యాక్టరీలో షిఫ్టు పని. ఏప్రిల్ 30న ఫిన్స్‌బరీ పార్క్‌లోని రెయిన్‌బో థియేటర్‌లో నలుగురు అమెరికా పాతకాపులు ఒకే వేదిక మీద పాడారు: చార్లీ ఫెదర్స్, వారెన్ స్మిత్, బడ్డీ నాక్స్, జాక్ స్కాట్. వారెన్ స్మిత్ ఎవరో నీకు నేను చెప్పక్కర్లేదు, మెంఫిస్‌లో సన్ రికార్డు కంపెనీకి పాడినవాడు. అప్పటికి టెక్సాస్‌లో పాటతో సంబంధం లేని ఉద్యోగం చేసుకుంటున్నాడు. సొంత ఊళ్ళో పక్కింటివాడికి కూడా ఇతను గాయకుడని తెలిసి ఉండకపోవచ్చు. ఇక్కడేమో హాలంతా లేచి నిలబడింది. అతను ఎన్నడో మరిచిపోయిన పాటలకి కుర్రాళ్ళు పక్క వాద్యాల బిట్లతో సహా పాడుతున్నారు. ఆ మనిషి మొహంలో సంతోషం కన్నా ముందు కనిపించింది కంగారు. మూడేళ్ళు తిరక్కుండానే, 1980 జనవరిలో, నలభై ఏడేళ్ళకే పోయాడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఆ చప్పట్లు నీ తలకి ఎక్కుతాయి. ఎక్కనీ, ఒక్క రాత్రికి తప్పు లేదు. మర్నాడు పొద్దున మాత్రం ఒకాయన వచ్చి ఫలానా రికార్డు రెండో వైపు మూడో చరణం దగ్గర గిటారు నువ్వు వాయించినట్టు ఉండదు అంటాడు. వినయంగానే అంటాడు. పైగా ఆయన చెప్పిందే రైటు. ఇక్కడ ప్లంబర్ పని చేసుకునేవాడి దగ్గర కూడా ‘45’ రికార్డులు (నిమిషానికి 45 చుట్లు తిరిగే చిన్నవి) రెండు వేలు ఉంటాయి. వాళ్ళతో వాదించకు. నలభై ఏళ్ళ హోటల్ అనుభవంలో పాటని నునుపు చేసే అలవాటు మన చేతికి వచ్చేస్తుంది. జాజ్ కార్డ్ ఒకటి దూరుస్తాం, చివర ఒక సొగసు అతికిస్తాం. అవన్నీ హైదరాబాద్‌లోనే దింపేసి రా.

రెండో సంగతి, వెనక వాయించే కుర్రాళ్ళు. నీ బ్యాండ్‌ని తెచ్చుకుంటానన్నావు. వద్దు. ఖర్చు ఒక కారణం, అది చిన్న కారణమే. ఈ దేశంలో ఈ సంగీతం మొదటినుంచీ ఇక్కడి వాద్యకారులతోనే నడిచింది. రెండు దేశాల వాద్యకారుల యూనియన్ల పేచీ వల్ల ఒకప్పుడు అమెరికా బ్యాండ్లు ఇక్కడికి రావడమే కష్టంగా ఉండేది. 1960లో అమెరికా గాయకులు జీన్ విన్సెంట్, ఎడ్డీ కాక్రన్ టూర్ చేసినప్పుడు వెనక వాయించింది ఇక్కడి కుర్రాళ్ళే. కాక్రన్ గిటారులో మూడో తీగ చుట్టు లేని సన్న తీగ. అందుకే అతను అంత తేలిగ్గా లాగి వంచగలిగేవాడు. అప్పటిదాకా ఇక్కడివాళ్ళు చుట్టు తీగ మీద వేళ్ళు కోసుకుంటూ ఆ ధ్వని ఎందుకు రావట్లేదా అని తల పట్టుకునేవాళ్ళు. బిగ్ జిమ్ సలివన్, జో బ్రౌన్ లాంటి ఇక్కడి గిటారిస్టులు అతన్ని చూసి ఆ కిటుకు పట్టేశారు. మన వీణలో గమకం లాగడం చిన్నప్పుడే చూసిన నీకు ఇది వింతగా ఉండదు కానీ, అప్పట్లో ఇక్కడ అదొక పెద్ద రహస్యం.

ఆ టూర్‌లోనే, ఏప్రిల్ 16 రాత్రి, చిపెన్‌హామ్ దగ్గర వాళ్ళ టాక్సీ దీపస్తంభాన్ని ఢీకొట్టింది. మర్నాడు కాక్రన్ పోయాడు. ఇరవై ఒక్కేళ్ళు. జీన్ విన్సెంట్ గాయాలతో బయటపడి, మే నెలలో లండన్‌లోని ఈఎంఐ స్టూడియోలో ఇక్కడి కుర్రాళ్ళతోనే రికార్డింగు చేశాడు. పియానో మీద ఉన్నది జార్జీ ఫేమ్, అప్పటికి ఇంకా పేరు లేని పదహారేళ్ళవాడు. నీకిచ్చే బ్యాండ్‌లో కూడా అలాంటి పిల్లాడు ఒకడు తప్పకుండా ఉంటాడు. వాడు నిన్ను చూసి బిగుసుకుపోతాడు. నువ్వే ముందు వెళ్ళి టీ తాగుదాం రమ్మను.

వాళ్ళకి నువ్వు పంపాల్సినవి: పాటల వరస, ఒక్కోదానికి కీ (ఏ శృతిలో పాడతావో), ఎంత వేగం, ఎలా మొదలవుతుంది, ఎలా ఆగుతుంది. ఈ ఆగడమే ముఖ్యం. రిహార్సల్ అంటే ఆ మధ్యాహ్నం దొరికే గంటన్నర. ఆ టైం అంతా మొదళ్ళకీ ముగింపులకీ పెట్టు, మధ్యభాగం వాళ్ళకి నిద్రలో కూడా వచ్చు. కీ విషయంలో బింకానికి పోకు. నలభై ఏళ్ళ కింద ఇ లో పాడానని ఇప్పుడూ ఇ లోనే పాడితే రెండో పాటకే గొంతు పట్టేస్తుంది. డి కి దిగు. సిగ్గేం లేదు.

వీకెండర్ అంటే నువ్వు అనుకుంటున్న సభ కాదు. సముద్రం ఒడ్డున హాలిడే క్యాంపు, వరసగా చిన్న చిన్న గదులు, జనం శుక్రవారం వచ్చి సోమవారం పోతారు. నార్ఫోక్ తీరాన హెమ్స్‌బీలో నేను వాయించిన రోజుల్లో గాలికి డబుల్ బేస్‌ని కారు నుంచి హాలుకి తీసుకెళ్ళడమే ఒక యుద్ధం. రాత్రి తెల్లవార్లూ డీజేలు పాత రికార్డులు వేస్తారు, జనం జంటలుగా డాన్సు ఆడతారు. నువ్వు ఆ రెండు రికార్డుల మధ్య వచ్చే మనిషివి. అందుకని స్టేజి ముందు నిలబడి చూసేవాళ్ళ కన్నా పక్కన ఆడే జంటల పాదాల మీద కన్నేసి ఉంచు. వేగం కాస్త పెరిగిందో, అడుగులు కురచవుతాయి. సోలో పొడిగించావో, ఆ ఆడే ఆవిడ మంచినీళ్ళకి వెళ్ళిపోతుంది. మధ్యలో ఉపన్యాసం వద్దు. హైదరాబాద్‌లో పాటకీ పాటకీ మధ్య నువ్వు చెప్పే జోకులు నాకు ఇష్టమే, ఇక్కడ మాత్రం వద్దు. ముందురోజు రాత్రి నువ్వే వెళ్ళి ఒక గంట ఆ ఆట చూడు.

ఇంకో మాట, ఎవరూ చెప్పరు కాబట్టి చెప్తున్నాను. 1958లో లండన్ నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ళ మీద పడి కొట్టిన గుంపుల్లో టెడ్డీ బాయ్స్, అంటే పొడుగు కోట్లు వేసుకుని తిరిగే రాక్ అండ్ రోల్ కుర్రాళ్ళు, ఉన్నారు. 1977లో ఆ హాల్లోకి అడుగుపెట్టినప్పుడు పొడుగు కోట్లు, దువ్విన జుట్లు చూసి నా కాళ్ళు వణికిన మాట నిజం. ఆ రాత్రి ఎవరూ ఏమీ అనలేదు. తరవాత అన్నవాళ్ళూ ఉన్నారు, నాకోసం వాళ్ళతో తగవు పడ్డవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు కాలం చాలా మారింది. అయినా కొన్ని చోట్ల బానిసత్వం నిలబెట్టాలని పోరాడిన అమెరికా దక్షిణాది తిరుగుబాటు జెండాని అలంకారంలా కడతారు. స్టేజి వెనక అది కనిపిస్తే తీసేయమని అడుగు. నేను అడిగాను, తీశారు. ఒకచోట తీయలేదు, నేను వాయించలేదు.

ఇక రికార్డింగు. దీని మీద నాకు మాటలు ఎక్కువే.

మద్రాసు రోజులు గుర్తు తెచ్చుకో. ఒకే హాలు, అందరూ ఒకేసారి, వెనక తబలా ఆయన ఒక దెబ్బ తప్పితే గాయకుడితో సహా మొత్తం మళ్ళీ మొదటినుంచి. నీకు అప్పుడు ప్రాణం మీదికి వచ్చినట్టుండేది. తరవాత చెవిలో తాళం కొట్టే క్లిక్ వచ్చింది, ఒక్కొక్కళ్ళు విడివిడిగా వాయించి వెళ్ళిపోవడం వచ్చింది, నువ్వు హాయిగా అలవాటు పడ్డావు. ఇప్పుడు ఆ పాత భయం నీకు మళ్ళీ కావాలి. 1954 జూలై 5న మెంఫిస్ యూనియన్ అవెన్యూలో 706 నంబరు సన్ కంపెనీ చిన్న గదిలో ఉన్నది ఎల్విస్, స్కాటీ మూర్, బిల్ బ్లాక్. డ్రమ్ములు లేవు. బిల్ బ్లాక్ బేస్ తీగని లాగి పలక మీద కొట్టిన దెబ్బే డ్రమ్ము, శృతీ దరువూ ఒక్క చేతిలోనే. ఎవరు మైకుకి దగ్గర, ఎవరు దూరం అన్నదే అక్కడ మిక్సింగ్.

ఆ పాత రికార్డుల్లో వినిపించే ఎకో గురించి నువ్వు అడిగావు. సన్ కంపెనీ యజమాని సామ్ ఫిలిప్స్ రెండు టేప్ మెషీన్లు పెట్టుకుని, ఒకదాని రికార్డు చేసే హెడ్‌కీ వినిపించే హెడ్‌కీ మధ్య ఉన్న ఖాళీని వాడుకున్నాడు. టేపు ఆ కాస్త దూరం నడిచేసరికి సెకనులో ఏడో వంతో ఎనిమిదో వంతో ఆలస్యంగా ధ్వని మళ్ళీ వినిపిస్తుంది. ఒక్కసారే, గట్టిగా. గుహలో అరిచినట్టు పదిసార్లు కాదు. నువ్వు వెళ్ళే చోట టేప్ మెషీన్లు ఉన్నాయో లేదో ముందే అడుగు. ఉంటే ఆ ఎకోని వాయించేటప్పుడే చెవిలో వేయమను. ఎకో వింటూ వాయిస్తే చెయ్యి దానికి చోటు వదులుతుంది. తరవాత అతికిస్తే రెండూ ఒకదాని మీద ఒకటి పడతాయి.

నేను చేసిన తప్పు విను. నా మొదటి రికార్డింగులో ఇంజనీరు నా బేస్‌ని అద్దాల గదిలో పెట్టాడు, గిటారు ఇంకో గదిలో, చెవిలో క్లిక్. పేరు పెట్టలేనంత శుభ్రంగా వచ్చింది. ప్రాణం మాత్రం లేదు. స్టూడియోకి డబ్బు కట్టాం కదా, వాళ్ళకే తెలుసులే అని నోరు మూసుకున్నాను. మూడు వందల కాపీలు ప్రెస్ చేయించాను. సగం ఇంకా మా గ్యారేజ్‌లోనే ఉన్నాయి, మీ వదిన వాటి మీద పూలకుండీలు పెట్టింది. నువ్వు నోరు మూసుకోకు. అందరూ ఒకే గదిలో ఉంటేనే వాయిస్తానని బుక్ చేసేటప్పుడే రాసి పంపు. ఒక్కో పాట రెండున్నర నిమిషాలు దాటనివ్వకు, ఏడంగుళాల రికార్డు మీద ధ్వని అప్పుడే గట్టిగా వస్తుంది. అయిదు టేకుల్లో రాకపోతే ఆ పాట వదిలేసి టీకి వెళ్ళండి. ఏడో టేకు ఎప్పుడూ మూడోదానికన్నా అన్యాయంగానే ఉంటుంది.

ఇంగ్లీషు ఉచ్చారణ గురించి బెంగ పెట్టుకున్నావు. అమెరికావాడిలా ముక్కుతో పాడబోకు, ఇక్కడ అందరూ చేసేది అదే, విని విని విసిగిపోయారు. వేల్స్ నుంచి వచ్చిన క్రేజీ కావన్ బ్యాండ్ వాళ్ళు తమ జనం గురించి తమ పద్ధతిలో పాడారు, అందుకే నిలిచారు. అమెరికా గాయని వాండా జాక్సన్ పాడితే అక్కడ పట్టించుకోని పాట జపాన్‌లో మోగిపోయి, 1959లో ఆవిడ జపాన్‌కి టూర్‌కి వెళ్ళింది. 1965లో జర్మన్ భాషలోనూ పాడి హిట్టు కొట్టింది. నీ నాలుగు పాటల్లో ఒకటి తెలుగులో పెట్టు, నువ్వు సికింద్రాబాద్ స్టేషన్ మీద కట్టినది. రికార్డు రెండో వైపుకి అదే. కాకపోతే పోస్టర్ మీద నీకు తలపాగా చుడతామనో, మధ్యలో సితార్ కలుపుదామనో ఎవరైనా అంటే నవ్వి ఊరుకో.

కాగితాల సంగతి త్వరగా చెప్పేస్తాను. టూరిస్టునని చెప్పి వచ్చి డబ్బు తీసుకుని వాయించడం కుదరదు. విజిటర్ వీసాలోనే డబ్బు తీసుకుని చేసే ప్రోగ్రాంకి వీలుంది, దానికి ఇక్కడి సంస్థ ఇచ్చిన ఆహ్వానపత్రం కావాలి, వచ్చిన 30 రోజుల్లో ఆ పని అయిపోవాలి. స్టూడియో తేదీలు కూడా అందులోకి వస్తాయో లేదో పిలిచినవాళ్ళని ప్రభుత్వ సైట్‌లో చూసి రాతలో చెప్పమను. బయటి కళాకారుల పారితోషికంలో 20 శాతం పన్ను కోసే పద్ధతి ఉంది. ఏడాది మొత్తానికి 12,570 పౌండ్ల లోపయితే కోయక్కర్లేదు. కోస్తే మాత్రం సర్టిఫికెట్ తీసుకో, మన దగ్గర రిటర్న్ వేసేటప్పుడు పనికొస్తుంది. ఒకసారి నా దగ్గర కోసిన ఆర్గనైజర్ ఒకాయన ఆ కాగితం ఇవ్వకుండానే ఫోన్ నంబరు మార్చేశాడు. మాస్టర్ (అసలు రికార్డింగు) ఎవరిది, ఎన్నేళ్ళకి ఇస్తున్నావు అన్నది రికార్డింగుకి ముందే సంతకంతో ఉండాలి. సొంత పాటలు వాయిస్తే సెట్ లిస్టు పీఆర్ఎస్‌కి (పాట కట్టినవాళ్ళకి రాయల్టీ వసూలు చేసే ఇక్కడి సంస్థ) పంపమని అడుగు, నువ్వు మన దేశంలో అదే పని చేసే ఐపీఆర్ఎస్ సభ్యుడివే కాబట్టి ఆ డబ్బు తిరిగి తిరిగి నీకే వస్తుంది. ఎప్పుడని అడక్కు.

గిటారు విమానంలో పైన పెట్టుకోవడానికి ఎయిర్‌లైన్‌తో ముందే మాట్లాడు, తీగలు కొంచెం వదులు చెయ్యి. ఆంప్ (గిటారు ధ్వని పెంచే ఆంప్లిఫయర్ పెట్టె) వద్దే వద్దు. ఇక్కడ ఇస్తారు. నీ నడుం సంగతి నాకు తెలుసు.

బేస్ నేనే వాయిస్తానని వాళ్ళకి చెప్పేశాను, నిన్ను అడగలేదు. పేగు తీగలు కొత్తవి వేయించాను, ఈ చలికి అవి గంటకోసారి శృతి జారుతున్నాయి. నువ్వు వచ్చేలోగా కుదురుకుంటాయి. పాటల కీలు ఆదివారంలోగా పంపు. ఆ సికింద్రాబాద్ పాట ముగింపు ఫోన్‌లో రికార్డు చేసి పంపు, ఎక్కడ ఆపుతావో నాకు ఎప్పుడూ అర్థం కాదు.

ఇట్లు,
అన్నయ్య