పాలిచ్చే తల్లి సొంతంగా నిద్రమాత్రలు వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 24. బాబుకు ఏడో నెల. మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. నేను ఎత్తుకుంటే బాబు ఏడుస్తాడు, అత్తమ్మ ఎత్తుకుంటే ఊరుకుంటాడు. చిన్నప్పుడే మా అమ్మ పోవడంతో హాస్టల్లో పెరిగాను. పిల్లల్ని పెంచడం నాకు చేతకాదేమో అనిపిస్తోంది, ఊరికే ఏడుపొస్తోంది. నిద్ర పట్టక నెల రోజులుగా మెడికల్ షాపులో ఆల్‌ప్రజోలామ్ కొని వేసుకుంటున్నా. బాబుకు నేనంటే ఇష్టం లేదా? బాబు ఏడుపు తగ్గడానికి టానిక్ చెప్పండి.
- ఒక సోదరి, జగిత్యాల

జవాబు: టానిక్ సంగతి తర్వాత, ముందు ఆ మాత్ర గురించి. ఆల్‌ప్రజోలామ్ పాల ద్వారా బిడ్డకు చేరుతుంది. దానివల్ల కొందరు పిల్లలు మత్తుగా ఉంటారు, కొందరు చిరాకు పడతారు. మీ బాబు ఏడుపుకు ఇదీ ఒక కారణం కావచ్చు. పైగా అది అలవాటయ్యే మందు. చీటీ లేకుండా షాపువాళ్లు ఇవ్వకూడదు, మీరు అడగనూ కూడదు. అలాగని ఈ రాత్రికే ఆపేయకండి. రోజూ వేసుకునేవాళ్లు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ కూడా రావచ్చు. ఒకటి రెండు రోజుల్లో సైకియాట్రిస్టును కలవండి, మెల్లగా తగ్గిస్తారు. అందాకా బాబును మీ పక్కలో పడుకోబెట్టుకోవద్దు.

మీరు రాసింది కాన్పు తర్వాత వచ్చే డిప్రెషన్‌లా ఉంది. చూడకుండా తేల్చి చెప్పలేను. థైరాయిడ్ తేడా ఉన్నా, రక్తం తక్కువైనా ఇలా ఉండొచ్చు కాబట్టి ఆ పరీక్షలూ అవసరం. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి. కానీ ఇన్ని నెలలు ఎందుకు ఆగారమ్మా? ‘బాలింతకు ఇవన్నీ మామూలే’ అని ఇంట్లోవాళ్లు అంటారు. అలా ఆగి ఆగి మా దగ్గరికి వచ్చేసరికి బిడ్డ నడుస్తుంటాడు.

బాబుకు మీరంటే ఇష్టం లేకపోవడం కాదు. తల్లి దగ్గర పెరగనివాళ్లకు బిడ్డ ఏడుపు ఒక్కోసారి తమను తప్పుపడుతున్నట్టు వినిపిస్తుంది. పాలు తాగుతూ బాబు మొహం తిప్పుకున్నాడనుకోండి, మీ మీద కోపంతో కాదు, అలసిపోయి. వెంటనే గిలక్కాయ ఆడించి బలవంతంగా తిప్పకండి. కాసేపు ఆగితే తనే చూస్తాడు, అప్పుడు మాట్లాడండి. ఏడిస్తే ‘ఆకలా నాన్నా, నిద్రొస్తోందా, నానమ్మ కనపడలేదనా?’ అని పైకే అడగండి. ఊహ తప్పినా పర్వాలేదు. ఆరోగ్యంగా ఉన్న తల్లీబిడ్డలకు కూడా చాలాసేపు పొంతన కుదరదనీ, తిరిగి కుదుర్చుకోవడమే ముఖ్యమనీ అమెరికా సైకాలజిస్టు ఎడ్వర్డ్ ట్రోనిక్ పరిశోధనల్లో తేలింది. అత్తమ్మ దగ్గర ఊరుకోవడమూ మంచిదే. ఆమె ఎత్తుకున్నప్పుడు మీరు పడుకోండి.

కోపం ఆగకపోతే బాబును కింద చాప మీద వెల్లకిలా పడుకోబెట్టి, అత్తమ్మను పిలిచి, కాసేపు పక్కకు వెళ్లండి. ఎట్టి పరిస్థితిలోనూ పట్టుకుని ఊపేయవద్దు. మీకు గానీ బాబుకు గానీ హాని చేయాలన్న ఆలోచన వస్తే అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా ఆ క్షణమే ఇంట్లో చెప్పి ఆసుపత్రికి వెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.

ఏడుపుకు టానిక్ లేదు. నిద్ర సిరప్‌లు అసలే వద్దు. పిల్లల డాక్టర్‌కు ఒకసారి చూపించి బరువు, చెవులు పరీక్ష చేయించండి. వెళ్లేటప్పుడు మీరు వాడుతున్న మాత్రల షీటు తీసుకెళ్లి, రోజుకు ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.