లద్దె ఎరువు వేసిన దగ్గర్నుంచీ టమాటా ముడుచుకుపోతోంది, ఏం చెయ్యను?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉంటాం అండీ. పెరట్లో మూడు రైజ్డ్ బెడ్లు ఉన్నాయి. చలికాలంలో దగ్గర్లో గుర్రాలు పెంచేవాళ్లు లద్దె ఎరువు ఫ్రీగా ఇస్తుంటే ట్రక్కులో తెచ్చుకుని రెండు బెడ్లలో కలిపాం, మిగిలింది గరాజ్ వెనకాల కుప్ప పోశాం. మార్చిలో టమాటా, వంకాయ, మిరప నారు పెట్టి చిక్కుడు గింజలు వేశాను. ఇప్పుడు చిగురాకులన్నీ సన్నగా పోగుల్లా అయిపోయి లోపలికి ముడుచుకుంటున్నాయి, కాండం మెలి తిరిగిపోతోంది. వీడియో కాల్లో అమ్మ చూసి ముడత తెగులే అంది, వేపనూనె మూడుసార్లు కొట్టాను, ఏం మారలేదు. ఎరువు వెయ్యని మూడో బెడ్లో టమాటా మాత్రం బానే ఉంది. విచిత్రం ఏంటంటే ఎరువేసిన బెడ్లోనే చివర వేసిన మొక్కజొన్న కూడా పచ్చగా ఏపుగా ఉంది. నేనేం తప్పు చేశాను?
– ఒక పాఠకురాలు, టెక్సస్

జవాబు: మీరేం తప్పు చెయ్యలేదమ్మా, ముందు ఆ బాధ పెట్టుకోకండి. మీ ఉత్తరంలో ఆ మొక్కజొన్న సంగతి చదవగానే నాకు అనుమానం ఎరువు మీదకే పోయింది. అమ్మగారన్న ముడత తెగులు, అంటే తెల్లదోమ తెచ్చే వైరస్ అయితే అది బెడ్లు చూసుకుని రాదు కదా, మూడో బెడ్లోకీ వచ్చేది. వెడల్పాకు మొక్కలన్నీ పాడై, గడ్డి జాతి మొక్కజొన్న మాత్రం నిలబడిందంటే అది కలుపు మందు పోలికే. మన గుంటూరు, వరంగల్ వైపు పత్తి రైతుల్ని అడిగి చూడండి, పక్క చేలో 2,4-డి అనే కలుపు మందు కొడితే గాలికి వచ్చి పత్తాకు బెండాకులా చీలికలైపోతుంది, అదీ ఇదీ ఒక కోవలో మందులే.

గుర్రాలకి మేత వేసే బెర్ముడా గడ్డి పొలాల్లో వెడల్పాకు కలుపు చావడానికి అమినోపైరాలిడ్, పిక్లోరామ్, క్లోపైరాలిడ్ లాంటివి కొడతారు. అవి మొక్కలో ఉండే ఆక్సిన్ అనే పెరుగుదల హార్మోన్ లాగా పనిచేసి దాని ఎదుగుదలని అడ్డదిడ్డం చేసేస్తాయి. గడ్డికి ఏమీ కాదు, తిన్న గుర్రానికీ ఏమీ కాదు, కానీ మందు కడుపులో అరగకుండా లద్దెలోనూ మూత్రంలోనూ అలాగే బయటికొచ్చేస్తుంది. మాగబెడితే పోతుంది అని అందరూ అనుకుంటారు, పోదు. వేడెక్కిన కంపోస్టు కుప్పలో కూడా నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది, టమాటా, చిక్కుడు లాంటి వాటికి వంద కోట్ల భాగాల్లో 1 నుంచి 10 భాగాలు ఉన్నా చాలు, పాడైపోతాయి. 2008లో బ్రిటన్‌లో ఇలాగే ఎంతోమంది పెరటి తోటలు పాడైతే అక్కడ అమినోపైరాలిడ్ అనుమతిని కొన్నాళ్లు ఆపేసి, తర్వాత గట్టి షరతులతో మళ్లీ ఇచ్చారు.

అయినా అనుమానం అనుమానమే, పరీక్ష చేసి తేల్చుకోండి. ల్యాబు అక్కర్లేదు, బీన్స్ గింజలు చాలు. కుప్పలో పైపైన కాకుండా నాలుగైదు చోట్ల లోపల నుంచి తీసి, కొత్త పాటింగ్ మిక్స్‌తో సగానికి సగం కలిపి మూడు చిన్న కుండీలు నింపండి, ఇంకో మూడింట్లో ఉత్త పాటింగ్ మిక్స్ వెయ్యండి. కుండీకి మూడేసి గింజలు. దేని సాసర్ దానికే ఉండాలి, ఒకదాని నీళ్లు ఇంకోదానికి తగిలితే పరీక్ష పోయినట్టే. మొదటొచ్చే రెండు ఆకులు బాగున్నాయని మురిసిపోకండి, అవి గింజలోనే తయారై ఉంటాయి. తర్వాత మూడేసి రెక్కలతో వచ్చే ఆకులు చూడాలి. రెండు మూడు వారాల్లో ఆ ఆకు గిన్నెలా ముడుచుకుని, ఈనెలు దగ్గరకి లాగేసినట్టు అయి, పక్క కుండీలో మాత్రం అరచేతిలా విప్పారి ఉంటే ఇంకేం అడగక్కర్లేదు.

అలా తేలితే బాగా ముడుచుకున్న మొక్కలు పీకి చెత్త సంచిలో వేసెయ్యండి, కంపోస్టులో మాత్రం వద్దు. కొంచెమే తగిలినవి కోలుకోవచ్చు. కాయలు తినొచ్చా అని మీరు అడగలేదు గానీ పిల్లలున్న ఇల్లైతే ఆ దిగులు ఉంటుంది, బ్రిటన్‌లో అప్పుడు అధికారులు పరిశీలించి తింటే ప్రమాదం లేదనే చెప్పారు.

ఆ రెండు బెడ్లలో ఈ వేసవికి మొక్కజొన్న, జొన్న, సజ్జ తప్ప ఇంకేం పెట్టొద్దు. మందుని విరగ్గొట్టేది మట్టిలో సూక్ష్మజీవులే, వాటికి గాలి, తడి, వెచ్చదనం కావాలి, అందుకని రెండు వారాలకోసారి మట్టి తిరగేస్తూ తడి ఆరకుండా చూసుకోండి, టెక్సస్ ఎండలు ఈ ఒక్క విషయంలో మీకు సాయమే. ఆగస్టులో అదే బీన్స్ పరీక్ష ఆ మట్టితో మళ్లీ చెయ్యండి, బాగుంటేనే మళ్లీ కూరలు, లేకపోతే ఇంకో ఏడాది ఆగడమే. కోసిన జొన్న చొప్ప కూడా కంపోస్టులో వెయ్యకండి.

గరాజ్ వెనక కుప్ప ఉంది చూడండి, నాకు అసలు భయం దానితోనే. మన తెలుగువాళ్లం వాట్సాప్ గ్రూపులో "ఎరువుంది, కావాలంటే తీసుకెళ్లండి" అని పెట్టేస్తుంటాం. దయచేసి ఎవరికీ ఇవ్వొద్దు. లాన్ మీద పల్చగా చల్లుకోవచ్చు గానీ చెట్ల వేళ్లకి దూరంగా చల్లండి, పిక్లోరామ్ చెట్లని కూడా చంపుతుంది, ఆ గడ్డి కోతలు తెచ్చి కూరమొక్కల మొదట్లో పరవకండి. ఇక ఎరువు ఇచ్చినవాళ్లకి ఒక ఫోన్ చెయ్యండి, కోపంతో కాదు, వాళ్లూ గడ్డి బయట కొని ఉంటే ఈ సంగతి వాళ్లకే తెలిసుండదు. గడ్డి ఎక్కడ కొన్నారు, దాని మీద ఏం కొట్టారో అమ్మినవాళ్లని కనుక్కోమనండి, మీలాగే పట్టుకెళ్లినవాళ్లు ఇంకెవరున్నారో అడిగి వాళ్లకీ కబురు చేరేలా చూడండి, కొందరైనా ఇంకా నారు పెట్టి ఉండరు.